డాక్టరుకు చెప్పని గోలీలు

ఆ సోమవారం సాయంత్రం అబిడ్స్‌లోని క్లినిక్ ముందు గదిలో ఉన్నవి: రెండు చెక్క బెంచీలు, బరువు తూచే యంత్రం ఒకటి, గోడకు ఒక క్యాలెండరు, గరగరమంటూ తిరిగే ఫ్యాను. ఉన్నవాళ్లు: పదకొండు మంది రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, పేర్లు పిలిచే కాంపౌండరు. మా ఇంటివాళ్లం ముగ్గురం. అన్న నర్సింగరావు ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. అమ్మ చెప్పుల్లేని కాళ్లతో, ఒళ్లో దర్గా నీళ్ల సీసాతో కూర్చుంది. మూడోవాణ్ణి నేను. పేరు సుధాకర్, వయసు ఇరవై నాలుగు, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ ఆఫీసులో టెంపరరీ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నాను. నా ప్యాంటు లోపలి జేబులో, ట్రేసింగ్ కాగితం ముక్కలో చుట్టిన నాలుగు తెల్ల గోలీలు ఉన్నాయి. వాటి సంగతి ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అది 1966 సెప్టెంబరు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది ఒక అంకె. ఆగస్టులో నా ఉద్యోగం పర్మనెంటు చేసే ముందు ఆఫీసువాళ్లు వైద్య పరీక్షకు పంపారు. ఎత్తు, బరువు, చూపు, ఛాతీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. రక్తంలో తెల్లకణాలు మాత్రం పద్దెనిమిది వేల ఆరు వందలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు అవి నాలుగు వేలకూ పదకొండు వేలకూ మధ్య ఉండాలట. కారణం తెలుసుకుని మళ్లీ రమ్మని ఫారం మీద రాసి పంపేశారు.

డాక్టరుకు అరవై దాటి ఉంటాయి. తొందర లేని మనిషి. నాలుక చూశాడు, మెడ కింద, చంకల్లో తడిమాడు, పొట్ట నొక్కాడు.

"జ్వరమొస్తున్నదా?"

"లేదు సార్."

"పన్ను నొప్పి? చెవుల చీము? ఒంటి మీద గడ్డ, పుండు?"

"లేవు సార్."

"సిగరెట్?"

"లేదు సార్."

అమ్మ ఆగలేకపోయింది. "చిన్నప్పటి సంది దమ్ముండె డాక్టర్ సాబ్. రెక్కలెగరేసుకుంట కూసునేటోడు. జనవరి నుంచి దగ్గరికి రాలే. దర్గా నీళ్లు పడ్డయి వీనికి."

"మందులు?"

"ఒక్క గోలీ లేదు, ఒక్క సూది లేదు."

డాక్టరు నా వైపే చూస్తున్నాడు. "నేను నిన్ను అడుగుతున్న బేటా. హకీం దగ్గర్ది గానీ, దుకాణంల నువ్వే కొన్నది గానీ, ఏదన్నా మందు తీసుకుంటున్నవా?"

నేను తల దించుకున్నాను. నేల మీద అమ్మ పాదాలు కనిపించాయి. మడమలు పగిలి, ఆ పగుళ్లలో రోడ్డు తారు నల్లగా ఇంకిపోయి ఉంది.

"ఏ మందూ లేదు సార్," అన్నాను.

ఈ రెండున్నరేళ్లలో ఆ మూడు మాటల్ని ఎన్నోసార్లు తలచుకున్నాను. తర్వాత జరిగినదంతా వాటి నుంచే జరిగింది. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా డాక్టరు ఆ ప్రశ్న వేసినప్పుడు పక్కన అమ్మ ఉండవచ్చు, భార్య ఉండవచ్చు, ఆఫీసు భయం ఉండవచ్చు. వాళ్లను బయటికి పంపించమని అడగండి. అడిగితే పంపుతారు. నాకు అడగాలని తోచలేదు అనను. తోచింది, అడగలేదు.

జనవరి నుంచి ఆగస్టు దాకా

జనవరిలో నాకు పెద్ద దమ్ము, అంటే ఉబ్బసం, వచ్చింది. మూడు రోజులు గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాను. చాదర్‌ఘాట్‌లో మా ఇంటి దగ్గరి డాక్టరు సూది ఇచ్చి, ప్రెడ్నిసొలోన్ అనే గోలీలు పది రోజులకు చీటీ రాశాడు. "పది రోజులకే. తగ్గించుకుంట పోయి ఆపాలె. నన్ను అడగకుండ మళ్లా వాడొద్దు," అన్నాడు. రెండో రోజుకే నాకు ఊపిరి ఆడింది. పదిహేనేళ్లలో మొదటిసారి మెట్లెక్కితే ఈల శబ్దం రాలేదు.

అదే వారం గురువారం అమ్మ నాంపల్లి దర్గాకు వెళ్లి మొక్కుకుంది. చాదర్‌ఘాట్ నుంచి నాంపల్లికి నలభై గురువారాలు నడిచి వస్తానని, అవి పూర్తయ్యేదాకా చెప్పులు తొడగనని. మా ఇళ్లలో దర్గాకు మొక్కడం కొత్త కాదు. మా నాన్న పుట్టినప్పుడు మా నాయనమ్మ కూడా మొక్కింది. అమ్మ పూలు తీసుకెళ్లి, ప్రార్థన ఊదిన నీళ్లు సీసాలో తెచ్చి, రోజూ ఉదయం నాకు ఒక గుక్క ఇచ్చేది. నేను ఆ నీళ్లతోనే గోలీ మింగేవాణ్ణి.

పది రోజులు పూర్తయ్యాక వారానికి మళ్లీ ఈల మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇక ఇవ్వడని తెలుసు. చీటీ మాత్రం నా దగ్గరే ఉంది. ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. నక్షా మీద ఇంకుతో గీసిన గీత తప్పయితే మేం రబ్బరుతో చెరపం. కొత్త బ్లేడు అంచుతో, కాగితం నూగు లేవకుండా, ఇంకు పొరను మాత్రమే గీకుతాం. తర్వాత బొటనవేలి గోటితో రుద్దితే కాగితం మళ్లీ నున్నబడుతుంది. దాని మీద కొత్త గీత గీస్తే సూపర్‌వైజరు కూడా పట్టుకోలేడు. ఆఫీసులో ఆ పనికి నన్నే పిలిచేవారు.

చీటీ మీద తారీఖును అలా గీకి కొత్త తారీఖు వేశాను. మందు పేరు ముట్టుకోలేదు, సంతకం ముట్టుకోలేదు. అప్పట్లో దాన్నే నిజాయితీ అనుకున్నాను. అబిడ్స్‌లో మూడు మందుల దుకాణాలు ఎంచుకుని ఒకదాని తర్వాత ఒకదానికి వెళ్లేవాణ్ణి. చీటీ అడగకుండా ఇచ్చే దుకాణాలు కూడా ఉన్నాయి. అయినా చూపించేవాణ్ణి, చూపిస్తే తప్పు చేస్తున్నట్టు ఉండేది కాదు. ఆగస్టు నాటికి ఆ తారీఖును ఏడుసార్లు మార్చాను.

దాచడానికి కారణాలు మూడు. దమ్ము ఉందని తెలిస్తే ఉద్యోగం పర్మనెంటు కాదని భయం. అమ్మ మొక్కు. మూడోది చెప్పుకోదగినది కాదు. నాకు బాగుంది. ఆకలి వేసేది, ముఖం గుండ్రంగా అయింది, దోస్తులతో పరుగెత్తి బస్సెక్కగలిగేవాణ్ణి. గల్లీలో ఆడవాళ్లు అమ్మను ఆపి అడిగేవాళ్లు. అమ్మ నా బుగ్గలు చూపించి, "నడవున్రి, మీరు గూడ మొక్కున్రి," అనేది. నేను పక్కనే నిలబడి నవ్వేవాణ్ణి.

మా వదిన సరళకు మాత్రం ఆ బుగ్గల మీద నమ్మకం లేదు. "మా మరిది పూర్ణం బూరె లెక్క ఉబ్బుతున్నడు. నీళ్లు తాగితే గిట్ల ఉబ్బుతరా?" అంది ఒకసారి నవ్వుతూ. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత బట్టలు ఉతకడానికి వేసే ముందు జేబులు నేనే ఖాళీ చేసుకునేవాణ్ణి.

సెప్టెంబరు

"తెల్లకణాలు పెరుగుడు రోగం కాదు," అన్నాడు అబిడ్స్ డాక్టరు. "ఇంట్ల ఎవరో గంట కొట్టినట్టు. ఎవరు కొట్టిన్రో ఎతకాలె." వెతకడం మొదలైంది. పళ్లు, గొంతు, ఛాతీ ఎక్స్‌రే, కఫం, మూత్రం, మలం. ప్రతిదానికీ అన్న ఆఫీసులో పర్మిషన్ పెట్టి నాతో వచ్చాడు. అన్న ఆఫీసు కూడా నాంపల్లిలోనే, మా ఆఫీసుకూ దానికీ మధ్య ఒక కాంపౌండు గోడ. పన్నెండేళ్లుగా గుమాస్తా. హెడ్ క్లర్కు ప్రమోషన్ల జాబితాలో అప్పటికి మొదటి పేరు ఆయనది. వరంగల్‌లో పోస్టు ఖాళీ అవుతోందని, దానితో పాటు క్వార్టరు కూడా ఇస్తారని తెలిసి వదిన అప్పటికే కిటికీలకు ఎన్ని గజాల పరదా గుడ్డ కావాలో లెక్క వేయించుకుంది. ఆ లెక్క వేసిచ్చింది నేనే. మా రెండు గదుల ఇంట్లో వదినకు తనదని చెప్పుకోవడానికి ఒక ట్రంకు పెట్టె తప్ప ఏమీ లేదు.

పరీక్షల్లో ఏదీ దొరకలేదు. దొరకనప్పుడల్లా అన్న నాతో "మంచిదే కద," అనేవాడు కానీ ముఖం ఇంకొంచెం చిన్నబోయేది. మంచి కారణాలు ఒక్కొక్కటే అయిపోతున్నాయని ఆయనకూ తెలుసు.

ఆ నెల చివర కోఠిలో పాత పుస్తకాల మధ్య నాకు ఒక వైద్య పుస్తకం కనిపించింది, అట్ట లేదు. తెల్లకణాలు పెరగడానికి కారణాలు ఒకే పేజీలో ఉన్నాయి. అక్కడే నిలబడి చిన్న నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. చీముపట్టే జబ్బులు. క్షయ. కాలిన గాయాలు. కీళ్లవాపు లాంటి వాపు జబ్బులు. రక్తం ఎక్కువగా పోవడం. గర్భం. పొగ తాగడం. పరుగు, ఆందోళన, ఏడుపు. ఎముక మూలుగ జబ్బులు, వాటిలో రక్త క్యాన్సరు. కొన్ని మందులు. ఆ 'కొన్ని మందులు' కింద మూడు పేర్లు ఉన్నాయి. రెండోది నా జేబులో ఉంది.

అంటే సెప్టెంబరు చివరి వారంలోనే నాకు తెలుసు. ఆ తర్వాత నేను చేసినది ఏదీ తెలియక చేసినది కాదు.

పుస్తకాన్ని దొంతరలో కింద పెట్టేసి ఇంటికి వెళ్లాను. చెప్పాలని వెళ్లలేదు. గోలీలు ఆపేస్తే అంకె దానంతట అదే దిగుతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అని లెక్క వేసుకుంటూ వెళ్లాను.

అక్టోబరు

అక్టోబరు మొదటి వారంలో ఒక్కసారిగా ఆపేశాను. నెలల తరబడి వాడిన ఈ గోలీలను అలా ఆపకూడదు. శరీరం తనంతట తాను తయారు చేసుకోవాల్సిన దాన్ని గోలీ ఉంది కదా అని మానేసి ఉంటుంది. అది మళ్లీ మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది. నాకు ఇది తర్వాత తెలిసింది. నాలుగో రోజు ఆఫీసు మెట్ల మీద కళ్లు తిరిగాయి. వాంతి అయింది. దమ్ము ఎనిమిది నెలల బాకీ ఒక్కసారే తీర్చుకున్నట్టు వచ్చింది. ఎవరో గోడ అవతలికి పరుగెత్తి అన్నను పిలిచారు. అన్న నన్ను రెండు చేతులతో ఎత్తి రిక్షాలో వేశాడు. దారి పొడవునా నా తల ఆయన భుజం మీద ఉంది. ఆయన ఏదో గొణుగుతున్నాడు. చెవి పెట్టి వింటే, "పోనియ్యరా, పోనియ్, ఊపిరి ఇడువు, మల్ల తీసుకో," అంటున్నాడు, తనే నా ఊపిరి లెక్కపెడుతున్నట్టు.

అబిడ్స్ డాక్టరు సూది ఇచ్చాక, నాంపల్లి స్టేషన్ రోడ్డులోని లాబొరేటరీకి పంపాడు. అక్కడ రక్తం చూసే పెద్దాయన నాకు అప్పటికే పరిచయం. గాజు పలక మీద గీసిన గడుల్లో, మైక్రోస్కోపు కింద, నాలుగు మూలల కణాలు లెక్కపెట్టి యాభైతో గుణిస్తాడు. గళ్ల కాగితం మీద పని చేసే నాకు ఆ పద్ధతి నచ్చింది, మొదటిసారి నన్ను కూడా చూడనిచ్చాడు. ఈసారి చూడనివ్వలేదు. చాలాసేపటికి తల ఎత్తి అన్నతో అన్నాడు: "రెండుసార్లు లెక్కపెట్టిన సాబ్. నా కండ్లే తప్పయితే మంచిగుండు అనుకున్న. మూడోసారి పెడతనుండున్రి, టైముంది." మూడోసారి కూడా లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు వేల రెండు వందలు. మూడోసారికి ఏమీ తీసుకోలేదు, మాకు చాయ్ తెప్పించాడు.

ఆ చాయ్ తాగకుండా కింద పెట్టేశాను. అన్నకు అది జబ్బు వల్ల అనిపించింది.

గోలీలు ఆపాక అంకె ఎందుకు పెరిగిందో ఆ రోజు నాకు అర్థం కాలేదు. దమ్ము, వాంతులు, భయం, ఆ సూది, అన్నీ కలిసి పెంచాయని డాక్టరు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం నా లెక్క తప్పిందని, నిజంగానే క్యాన్సరేమో అని ఒక రోజంతా భయపడ్డాను. మర్నాటి నుంచి మళ్లీ గోలీలు మొదలుపెట్టాను. రెండు రోజుల్లో లేచి కూర్చున్నాను. అమ్మ ఆ గురువారం దర్గాకు రెండు సీసాలు తీసుకెళ్లింది.

డాక్టరు అన్నను ఒక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడాడు. బయటికి వచ్చిన అన్న నాతో చెప్పింది ఇంతే: "రొమ్ము బొక్కల నుంచి సూదితోని మూలుగ తీసి చూస్తరట. దసరా అయినంక. నువ్వు ఫికర్ చెయ్యకు." తర్వాత బస్సు కోసం బషీర్‌బాగ్ దాకా నడిచాం.

అక్టోబరు పద్నాలుగు, శుక్రవారం. అన్న వరంగల్ వద్దని కాగితం రాసి ఇచ్చాడు. సాయంత్రం ఇంటికి వచ్చి చొక్కా విప్పుతూ వదినకు చెప్పాడు. నేను పక్క గదిలో పడుకుని ఉన్నాను. మా ఇంట్లో పక్క గది అంటే ఒక పరదా.

"ఇచ్చిన," అన్నాడు.

వదిన అడిగింది: "మల్ల ఎప్పుడొస్తదట?"

"వద్దన్నోని పేరు చివరకు పోతది. వచ్చినప్పుడు వస్తది. గా పోరన్ని గిట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోతం?"

"నేను పోదామన్ననా? ఎప్పుడని అడిగిన, గంతే."

తర్వాత ట్రంకు పెట్టె మూత తెరిచిన శబ్దం, మూసిన శబ్దం వినిపించాయి. పరదాలకు తెచ్చిన గుడ్డ లోపల పెట్టేసిందని మర్నాడు తెలిసింది. నేను లేచి రెండు అడుగులు వేసి పరదా తీస్తే చాలు. వరంగల్‌కు ఆర్డరు ఇంకా తయారు కాలేదు, సోమవారం దాకా ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చు. పరదా రంగు ఆకుపచ్చ, అంచు దగ్గర ఒక చోట కుట్టు ఊడింది. నేను ఆ కుట్టు చూస్తూ పడుకున్నాను. సోమవారం గడిచిపోయింది.

దసరా నాడు జమ్మి ఆకు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. అన్న చేతిలో పెట్టి మొక్కాను. మామూలుగా అన్న నవ్వి, వీపు మీద చరిచి, "ఊఁ, లే," అనేవాడు. ఆ సారి నా తల మీద రెండు చేతులూ పెట్టాడు. "నూరేండ్లు బతుకు," అన్నాడు. నేను అప్పుడు కూడా చెప్పలేదు.

మంగళవారం

రొమ్ము ఎముక నుంచి మూలుగ తీసే రోజు అన్న, అమ్మ బయట బెంచీ మీద కూర్చున్నారు. నన్ను లోపలికి తీసుకెళ్లి చొక్కా విప్పించి బల్ల మీద పడుకోబెట్టారు. ట్రేలో సూది చూశాను. నేను వాడే ఇంకు పెన్ను అంత లావు ఉంది, మధ్యలో ఒక అడ్డు చక్రం, ఎంత లోతు దిగాలో బిగించడానికి. పనిముట్లు తెలిసినవాణ్ణి కాబట్టి అది ఎలా పని చేస్తుందో చూడగానే అర్థమైంది.

"సార్," అన్నాను. "నేను గోలీలు మింగుతున్న."

మంచి మనసుతో చెప్పానని, అన్న కోసం చెప్పానని రాసుకోవాలని ఉంది. అది నిజం కాదు. సూది చూసి చెప్పాను.

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అన్నీ చెప్పాను, చీటీ కూడా తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. తారీఖు ఉన్న చోట కాగితం ఉల్లిపొర అంత పలచబడి వెలుతురు ఇవతలికి వస్తోంది.

"డ్రాఫ్ట్స్‌మన్‌వి కదా?"

"ఔ సార్."

"మంచి పనితనం," అన్నాడు. నవ్వలేదు. "దమ్మున్నోని రక్తంల ఒక రకం కణాలు పెరిగి ఉండాలె. నీ రక్తంల అవి లేనే లేవు. మొదటి రోజే నాకు అనుమానమొచ్చింది, అందుకే రెండుసార్లు అడిగిన. మీ అమ్మను బయటికి పంపి మూడోసారి అడిగి ఉంటే అయిపోతుండె. అది నా తప్పు. మిగిలింది నీది." ట్రే మీద గుడ్డ కప్పమని చెప్పాడు. "ఆపకు. నేను చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గియ్యాలె, మూడు నెలలు. ఇప్పుడు బయటికి పోయి మీవాళ్లకు నువ్వే చెప్పు. నేను చెప్ప."

బెంచీ దగ్గరికి వెళ్లి నిలబడే చెప్పాను. చుట్టూ ఏడెనిమిది మంది రోగులు ఉన్నారు. గొంతు తగ్గించి చెప్పాను కానీ ఆ గదిలో ఏ మాటా దాగదు. ఒక ముసలాయన బీడీ కట్ట జేబులో పెట్టుకుని పక్కకు జరిగి నాకు కూర్చోవడానికి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు.

అన్న మొదట అడిగింది: "అంటే గా రోగం లేదా?"

"లేదన్నా. గోలీలతోనే పెరిగిందట."

ఆయన ముఖం మీదికి నిజమైన సంతోషం వచ్చింది. అది ఎంతసేపు ఉందో కచ్చితంగా చెప్పలేను, ఒక మనిషి రెండుసార్లు ఊపిరి తీసుకునేంతసేపు. తర్వాత ఆయనలోని గుమాస్తా లేచాడు.

"నీకెప్పటి సంది తెలుసు?"

"సెప్టెంబర్ చివర్ల పుస్తకంల చూసిన."

"నేను కాయితమిచ్చింది పద్నాలుగున."

"ఔ."

"నువ్వు ఇంట్లనే ఉంటివి."

"ఔ అన్నా."

ఆయన టిఫిన్ డబ్బా ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

అమ్మ సీసా మూత బిగిస్తూ అడిగింది: "అయితే నీ దమ్ము తగ్గింది గోలీలతోనా?"

"ఔ అమ్మా."

"మరి నీళ్లు?"

అమ్మ లేచి కొంగు సర్దుకుంది. "ఎల్లుండి నలభయ్యోది. నడుస్త," అంది. "నేను మొక్కింది నువ్వు బతకాలని. బతికినవు. నువ్వు అబద్ధం చెప్పొద్దని మొక్కలే, గది నా తప్పే." గురువారం వెళ్లి మొక్కు తీర్చుకుంది. వెంట వస్తానంటే, "చెప్పులేసుకుని రా. నీకు మొక్కు లేదు," అంది. నేను చెప్పులు వేసుకుని నాలుగు అడుగుల వెనక నడిచాను.

ఆ మంగళవారం ఇంట్లో వదిన అంతా విని, కంచం పెట్టి అన్నం వడ్డించింది. నేను చేయి పెట్టలేదు. "తిను," అంది. "నీ మీది కోపం అన్నం మీద చూపెడితే నాకేమొస్తది? తిన్నంక తిడత." తిన్నాను. తిట్టలేదు. నెల రోజుల దాకా అవసరానికి మించి నాతో మాట్లాడలేదు కూడా. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబరు నుంచి

అన్న ఆ వారమే కాగితం వెనక్కి తీసుకుంటానని ఆఫీసులో అడిగాడు. జాబితాలో తర్వాతి పేరున్న మనిషికి అప్పటికే ఆర్డరు వెళ్లింది, ఆయన వరంగల్‌లో చేరిపోయాడు కూడా. నేను అన్నతో, మీ పెద్ద అధికారి దగ్గరికి వచ్చి జరిగినదంతా చెబుతాను, తప్పు నీది కాదని తెలుస్తుంది అన్నాను. చాలా ధైర్యంగా చెప్పానని అనుకున్నాను.

"ఏమని చెప్తవు? మా తమ్మునికి దమ్ము, చీటీ మీద తారీఖు గీకిండు అని చెప్తవా? గోడ అవతలనే మీ ఆఫీసు. సాయంత్రానికి నీ నౌకరీ గూడ పోతది. ఇంట్ల ఒకటి పోయింది, చాలు."

అంటే నా అబద్ధాన్ని అప్పటి నుంచి ఆయన కూడా మోయడం మొదలుపెట్టాడు. ఆఫీసులో ఎవరైనా "మీ తమ్మునికి ఎట్లుంది?" అంటే, "నయమైంది," అనేవాడు. ఏ రోగం నయమైందో చెప్పేవాడు కాదు.

గోలీ తగ్గించడం తేలిక కాలేదు. సగం గోలీ, పావు గోలీ, ఒక రోజు విడిచి ఒక రోజు. కీళ్లు నొప్పులు పుట్టాయి, పొద్దున లేవాలంటే ఏడుపు వచ్చేది. దమ్ము తిరిగి వచ్చింది, కానీ మునుపటంత కాదు. ఇప్పుడు దానికి వేరే మందులు వాడుతున్నాను, చీటీ డాక్టరే రాస్తాడు, తారీఖు కూడా ఆయనే వేస్తాడు. గోలీలను కొలిచి సగం చేసే పని అన్న తీసుకున్నాడు. నన్ను నమ్మక తీసుకున్నాడో, నాకు చేతులు వణుకుతున్నాయని తీసుకున్నాడో నేను అడగలేదు. రోజూ ఉదయం షేవింగు బ్లేడుతో గోలీని కోసి, పొడి రాలకుండా కాగితంలో పెట్టి ఇచ్చేవాడు. నేను ఆయన ఎదురుగానే మింగేవాణ్ణి.

లాబొరేటరీ పెద్దాయనకు కూడా చెప్పాను. చెప్పాల్సిన వాళ్ల జాబితాలో ఆయన పేరు రాసుకున్నాను కాబట్టి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నాడు. "అయితే నా లెక్క తప్పు కాదన్నట్టు," అన్నాడు. అద్దాలు మళ్లీ పెట్టుకుని, "మంచిది బాబూ. గా దినం నేను ఇంటికి పోయి అన్నం తినలే," అన్నాడు. ఆ జాబితాలో పేర్లన్నీ కొట్టివేశాను, ఇంకా అది ఖాళీ అయినట్టు అనిపించదు.

ఫిబ్రవరిలో చివరి పరీక్ష. తెల్లకణాలు ఎనిమిది వేల నాలుగు వందలు. వైద్య పరీక్ష మళ్లీ జరిగింది. దమ్ము ఉందని, గోలీలు వాడానని ఈసారి ఫారం మీద రాశాను. డ్రాయింగు బల్ల దగ్గర కూర్చుని చేసే పనికి అది అడ్డు కాదన్నారు. అంత సులువుగా తేలిపోయే విషయం. మార్చిలో నన్ను పర్మనెంటు చేశారు. వదిన స్వీటు చేసింది.

ఏప్రిల్‌లో అన్న ఆఫీసు నోటీసు బోర్డు మీద హెడ్ క్లర్కు ప్రమోషన్లకు కొత్త జాబితా పెట్టారు. మధ్యాహ్నం గోడ చుట్టూ తిరిగి వెళ్లి చూశాను. టైపు చేసిన రెండు కాగితాలు. మొదటి కాగితంలో అన్న పేరు లేదు. రెండో కాగితంలో కిందికి చూస్తూ పోతే దొరికింది. పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, అన్నీ సరిగ్గా టైపు చేసి ఉన్నాయి. వరుస సంఖ్య నలభై మూడు.